కళ్లద్దాల డబ్బాలో ముప్పై రెండు గోలీలు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలు పోవడమే. మోసింది మా మరదలు సుజాత. నేను దాన్ని ఆమె నెత్తిన పెట్టి, చేతులూపుకుంటూ పక్కన నడిచాను.

ఇది రాసి పెట్టక తప్పదని ఈ ఏడు మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు, తెలిసింది. ఆ రోజు ఇబ్రహీంపట్నం చేపల మార్కెట్లో సుజాత పొద్దటి నుంచి మధ్యాహ్నం దాటేదాకా ఊరందరి చేపలూ కోసింది. పొలుసు గీకి ముక్కలు కొట్టి ఇవ్వడం ఆమె పని. నా తమ్ముడు శ్రీశైలం పోయాక బతుకుదెరువుకు పట్టుకున్న పని. ఊరందరికీ చేపలు కోసిచ్చే మనిషి ఆరేళ్లుగా మా ఇంట్లో చేప వండలేదు. ఈసారి వండింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు లావణ్యకు రక్తం తక్కువుందని, బలమైన తిండి పెట్టమని దవాఖానలో చెప్పారు. రెండు ముక్కలు పళ్లెంలో వేసి పిల్ల ముందు పెట్టింది. ఆ పిల్ల పళ్లేన్ని ఒక్క వేలితో వెనక్కి నెట్టింది.

“బాపుకు పెట్టినట్ల నాకు గూడ పెడ్తున్నవా?”

గడప మీద కూర్చున్న మా అవ్వ, నన్నూ తమ్ముణ్నీ కన్నతల్లి, నవ్వింది. “పోరికున్న తెలివి మనకు అప్పుడు లేకపాయె” అంది.

సుజాత పళ్లెం తీసుకెళ్లి కడిగేసింది. నేను అక్కడే కూర్చుని అన్నం తింటున్నాను. తినడం ఆపలేదు. చివరి మెతుకు దాకా తిని, చెయ్యి కడుక్కుని, లేచాను.

అవ్వతో పాటే ఈ మాట కూడా మట్టిలో కలుస్తుందని ఇన్నాళ్లూ లోలోపల అనుకుంటూ వచ్చాను. కలవదు. అది పిల్ల నోట్లోకి దిగింది. లావణ్య ఇంకో అరవై ఏళ్లు బతుకుతుంది. అరవై ఏళ్లూ తన తల్లే తండ్రిని చంపిందనుకుంటూ బతుకుతుంది. అందుకే రాస్తున్నాను. నా పేరు మాత్రం రాయను. రాస్తే, ‘ఎంత నిజాయితీపరుడు’ అని మెచ్చుకునేవాళ్లు తయారవుతారు. ఆ మెప్పు ఆరేళ్లు తిన్నాను, ఇక చాలు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఓదార్పు మాటలేవైనా ఉంటే మీ దగ్గరే ఉంచుకోండి.

ముందు నా సంగతి. శేరిగూడ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాను. పొద్దున పిల్లలను దింపితే సాయంత్రం దాకా పనుండదు. తోటి డ్రైవర్లు సీట్ల మీద కాళ్లు చాపి పడుకుంటారు. నేను ఇబ్రహీంపట్నం గ్రంథాలయానికి వచ్చి కూర్చునేవాణ్ని. పదో తరగతితో ఆగిన చదువు నాది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. తేనెటీగల గురించి, ఆవిరి ఇంజన్ల గురించి, గుండె ఎలా కొట్టుకుంటుందో దాని గురించి, ఏది దొరికితే అది చదివాను. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం దిగేది కాదు. కరెంటు బిల్లయినా, పాసుపుస్తకమైనా, డాక్టరు చీటీ అయినా మా వాడకట్టులో ఏ కాగితానికైనా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేను అద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, చదివి అర్థం చెప్పేవాణ్ని. ఆ గొంతు సవరించుకోవడం గుర్తొస్తే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శ్రీశైలం నాకంటే ఏడేళ్లు చిన్న. మన్నెగూడలో కొత్తగా లేస్తున్న ఇళ్లకు టైల్స్ వేసేవాడు. రక్త క్యాన్సరు వచ్చింది. మందులతో తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. మూలకణాల మార్పిడి ఒక్కటే దారి అన్నారు. దాతను వెతికితే నా కణాలే వాడికి సగం సరిపోయాయి, అది చాలన్నారు. నా రక్తం లోంచి మూలకణాలు తీసి వాడికి ఎక్కించారు. ఊళ్లో నన్ను చూసి చేతులు జోడించేవాళ్లు. “తమ్మునికి పానం పోసినవ్ బిడ్డా” అనేవాళ్లు. ఆ మాట వింటుంటే నాలో ఏదో పెరుగుతూ వచ్చింది. అది ప్రేమే అనుకున్నాను.

ఇక్కడ కొంచెం వైద్యం చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు ఎంతటిదో మీకు తెలియదు. దాత కణాలకు కొత్త ఒళ్లు పరాయిది. అవి కుదురుకునే రోజుల్లో ఒక్కోసారి ఆ ఒంటి మీదే తిరగబడతాయి. చర్మం మీద, కాలేయం మీద, అన్నిటికంటే దారుణంగా పేగుల మీద. అలా తిరగబడకుండా వాటిని అణచి ఉంచడానికి గోలీలు ఇస్తారు. వాటిలో ఒకటి లేత వంకాయ రంగులో ఉండేది. పొద్దున రెండు, సాయంత్రం రెండు.

మార్పిడి అయ్యాక కొన్నాళ్లకు వార్డు నుంచి పంపి, దవాఖాన దగ్గర్లోనే ఉండమన్నారు. నగరంలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. ముగ్గురం ఉండేవాళ్లం. వంట సుజాతది, గోలీలు నావి. జ్వరం ఎంత, ఏ గోలీ ఏ పూట వేశాం, విరేచనం ఎన్నిసార్లు అన్నీ నోటుపుస్తకంలో గీతలు గీసి రాసేవాణ్ని. నర్సులు ఆ పుస్తకాన్ని వేరే రోగుల వాళ్లకు చూపించి, ఇట్లా రాయాలి అని చెప్పేవాళ్లు.

ఒకరోజు శ్రీశైలానికి విరేచనాలు మొదలయ్యాయి. మొదట మూడు, తర్వాత ఆరు. నేను డాక్టరుకు ఫోన్ చేయలేదు. గ్రంథాలయానికి వెళ్లాను. రెండు స్టాపుల అవతల ఒకటి ఉంది. మందుల గురించిన లావుపాటి పుస్తకం తీసి ఆ గోలీ పేరు వెతికాను. దుష్ఫలితాల జాబితాలో మొట్టమొదటి మాట, విరేచనాలు. అంతే. దొరికింది! అంత చదివిన డాక్టర్లకు తట్టనిది నాకు తట్టింది. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పమంటారా? ఒళ్లంతా వేడెక్కింది. దాని కింద ఇంకో ఆలోచన కూడా ఉంది, దాన్ని ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. నా రక్తాన్ని అణచడానికి ఒక గోలీనా? నా తమ్ముడి ఒంట్లో నా రక్తం వాడికే చేటు చేస్తుందా?

ఆ సాయంత్రం నుంచి వంకాయ రంగు గోలీలు వాడి చేతిలో పెట్టడం మానేశాను. పారేయలేదు. ఎప్పుడైనా మళ్లీ వేయాల్సి వస్తే ఉంటాయని నా కళ్లద్దాల డబ్బాలో వేసి మూత పెట్టాను. పుస్తకంలో మాత్రం వేసినట్టే టిక్కులు పెట్టాను. అంత నమ్మకం ఉన్నవాడినైతే ఆ టిక్కులు ఎందుకు పెట్టాను? ఈ ప్రశ్న ఆరేళ్లుగా వేసుకుంటున్నాను. జవాబు మొదటి రోజే తెలుసు.

మధ్యలో మిరుగం వచ్చింది. ఆ రోజు మావైపు చేప వండని ఇల్లుండదు. వండిన వేడి తిండి పెట్టొచ్చని డాక్టర్లు చెప్పారు కాబట్టి సుజాత కొర్రమట్ట చేప తెచ్చి, మామూలు కంటే రెండింతలు ఉడికించి, ముళ్లు తీసి రెండు ముక్కలు పెట్టింది. “ఇగ నేను బతికినట్టే” అని వాడు వేళ్లు నాకాడు. నెల తర్వాత వాడి ముఖంలో నవ్వు చూశాం. పుస్తకంలో రాశాను కూడా: చేప, రెండు ముక్కలు. విరేచనాలు మొదలైన రోజు అదే పుస్తకంలో అంతకు రెండు పేజీల ముందుంది. ఇది గుర్తుంచుకోండి.

తగ్గలేదు. పెరిగింది. దవాఖానకు తీసుకెళ్తే గొట్టం వేసి పేగు లోపల చూశారు. కెమెరాకు కొంచెం ఎరుపు తప్ప ఏమీ కనపడలేదు. అయినా నాలుగైదు చోట్ల గోరంత ముక్కలు తీసి బయాప్సీకి పంపారు. పైకి బాగున్నట్టు కనిపించే చోట కూడా లోపల జబ్బు ఉండొచ్చునట. రిపోర్టు వచ్చిన రోజు డాక్టర్ మాధవి నన్ను గదిలోకి పిలిచింది. నల్లగొండ వైపు ఆవిడ. రిపోర్టును నా వైపు తిప్పి పెట్టింది.

“చదువుతరు గద, చూడున్రి. ఈ కాయితం సగమే చెప్తున్నది అన్నా.”

“సగం అంటే?”

“పేగు లోపలి పొరల సన్న సన్న గుంటలుంటయి. వాటి అడుగున కొత్త కణాలు పుడ్తయి. మీ తమ్మునికి ఆ కణాలు ఒక్కొక్కటే చచ్చి నుసి అయితున్నయి. వైరస్ ఉన్నదా అని వేరే రంగు వేసి గూడ చూసిండ్రు, లేదు.”

“మరి చంపుతున్నదెవరు మేడం?”

“గదే గాజుపలక మీద కనపడదు. మీ కణాలు చంపినా గట్లనే ఉంటది, ఆ వంకాయ రంగు గోలీ చంపినా గట్లనే ఉంటది. అందుకే మందుల సంగతి కలిపి చూసుకోమని రాసిన్రు.” ఆవిడ కలం మూత తీసింది. “చెప్పున్రి. ఆ గోలీ రోజు పడుతున్నదా? ఒక్క పూట గూడ తప్పలేదా?”

ఆ గోలీ ఆగి అప్పటికి ఎనిమిది రోజులు. నిజానికి జవాబు నా చొక్కా జేబులో, కళ్లద్దాల డబ్బాలో ఉంది. గోలీ ఆపిన ఎనిమిది రోజుల తర్వాత కూడా పేగు చస్తూనే ఉందంటే, చంపుతున్నది గోలీ అయ్యుండే అవకాశం చాలా తక్కువ. నా కణాలే. ఆ గదిలో ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నాకు అర్థం కాలేదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. ఆవిడ మాట పూర్తయ్యేలోపే నాకు అర్థమైంది. నోరు తెరిస్తే రెండు బయటపడతాయి. ప్రాణం పోసిన నా రక్తమే వాడిని తింటోందని, దాన్ని కట్టి ఉంచిన తాడును విప్పింది నేనేనని. ఆవిడ నన్ను ఎలా చూస్తుంది? బస్సు డ్రైవర్‌వి బస్సు డ్రైవర్‌లాగా ఉండక అనదూ?

“తప్పలేదు మేడం. నా చేత్తోనే వేస్త. బుక్కుల రాస్త.”

“మీ అసోంటి అన్న ఇంటికొక్కడుంటే మాకు సగం పని తప్పుతది” అని నవ్వింది. “బస్సు బంద్ చేసి మా వార్డుకు రారాదు?”

నేనూ నవ్వాను. నవ్వాను!

“ఊపిరితిత్తుల స్కాన్‌ల ఫంగస్ నీడ ఉన్నది గద” అంది ఆవిడ. “మీ కణాలను అణచనీకి స్టెరాయిడ్ పెద్ద డోసు ఇయ్యాలె, ఇస్తే ఆ ఫంగస్ లేస్తది. తప్పు గోలీదైతే ఉత్తగ ఇచ్చినట్లయితది. ఇయ్యాల్టి సంది గోలీ ఆపి మూడు రోజులు చూద్దాం. తగ్గితే గోలీ. తగ్గకపోతే మీ కణాలు.”

ఆగిపోయిన గోలీని ఆపి మూడు రోజులు చూశారు. వార్డులో చేర్చుకుని, ప్రతి పూటా కొలిచి, రాసి, ఎదురుచూశారు. నేను గోడకు ఆనుకుని కూర్చుని వాళ్ల ఎదురుచూపును చూశాను. ఏ క్షణమైనా లేచి వెళ్లి చెప్పి ఉండొచ్చు. నర్సుల గది పదడుగుల దూరం. మొదటి రోజు, రేపు చెప్తాను అనుకున్నాను. రెండో రోజు, ఇప్పుడు చెప్తే నిన్న ఎందుకు చెప్పలేదంటారు అనుకున్నాను. గోలీ ప్రభావం తగ్గడానికి వారాలు పట్టొచ్చని ఎక్కడో చదివిన వాక్యాన్ని పట్టుకుని వేలాడాను. అవును, ఆ వాక్యం కూడా పుస్తకంలోదే. పిరికివాడికి పుస్తకంలో ఎప్పుడూ ఒక వాక్యం దొరుకుతుంది. మూడో రోజు పొద్దున బెడ్‌పాన్ నిండా రక్తం.

అప్పుడు స్టెరాయిడ్ ఇచ్చారు. దానికి లొంగలేదు. ఇంకో మందు ఇచ్చారు. ఊపిరితిత్తులలో ఫంగస్ లేచింది. ఐదు వారాలకు శ్రీశైలం పోయాడు.

ఆ మూడు రోజుల వల్లే పోయాడా? తెలియదు. మూడు రోజులు ముందు ఇచ్చినా లొంగని వాళ్లుంటారట. గోలీ ఆపకుండా ఉంటే అసలు తిరగబడేవే కావా? అదీ తెలియదు. గోలీ పడుతున్నప్పుడే మొదలైంది కదా అని మీరు నా తరఫున వాదించొచ్చు. ఆ వాదన నేను వెయ్యిసార్లు చేసుకున్నాను. నాకు తెలిసిందల్లా, వాళ్లు నన్ను ఒక్క ప్రశ్న అడిగారు, నేను అబద్ధం చెప్పాను.

ఇక్కడితో ఆగి ఉంటే నన్ను భయపడ్డ మనిషి అనుకునేవాళ్లేమో. వాడు పోయిన పదకొండో రోజు సంగతి చెప్పాక అలా అనలేరు. చుట్టాలందరూ వాకిట్లో కూర్చున్నారు. ఎవరో మిరుగం ఊసెత్తారు. మూలకణాలు, బయాప్సీ ఎవరికి అర్థమవుతాయి? చేప అందరికీ అర్థమవుతుంది. అవ్వ రొమ్ము బాదుకుంటూ నా వైపు తిరిగింది.

“పెద్దోడా, నువ్వు సదువుకున్నోనివి. అన్నీ ఎరుకున్నోనివి. చెప్పు, గా చాప పడకనే గద నా కొడుకు పోయిండు?”

రిపోర్టు నా సంచిలోనే ఉంది. వైరస్ లేదని, కణాలో గోలీయో కారణమని దాని మీద రాసి ఉంది, తిండి ఊసే లేదు. నేను గొంతు సవరించుకున్నాను.

“పడక పోయుంటది అవ్వా” అన్నాను.

అప్పటిదాకా ఏడుస్తున్న సుజాత ఏడుపు ఆపింది. “బావా, మోషన్లు అంతకు ముందే షురువైనయి గద. నీ బుక్కుల రాసినవ్ గద. తీసి చూపియ్యి” అంది.

“బుక్కు ఏడ పోయిందో” అన్నాను.

ఆ పుస్తకం బయటికొస్తే తేదీతో పాటు నా దొంగ టిక్కులూ బయటికొస్తాయి. అందుకని. ఒక మాట ఊళ్లో నిలవాలంటే దాని మీద కాగితం చదివేవాడి ముద్ర పడాలి. ఆ ముద్ర నేను వేశాను. ఆ రోజు నుంచి అవ్వ సుజాత చేతి ముద్ద ముట్టలేదు. మూలన వేరే పొయ్యి పెట్టుకుంది. పెళ్లిళ్లలో సుజాతను వంటల దగ్గరికి రానివ్వలేదు. నన్ను మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టారు. తమ్ముడికి రక్తమిచ్చిన అన్నను కదా. నా భార్యకు కూడా నిజం చెప్పలేదు. ఎవరి మీద కోపం రావాలో తెలిసి కూడా ఆరేళ్లు ఊరి మీద, చుట్టాల మీద, అవ్వ మూఢత్వం మీద కోపం పెంచుకున్నాను. వాళ్లకు చదువు లేదు, ఏం తెలుసు అనుకునేవాణ్ని. చదువున్న నేను చేసిన పని, వాళ్లందరూ కలిసినా చేయలేరు.

ఈ పేజీలు మీకంటే ముందు ఒకరికి వినిపించాను. మధ్యాహ్నం పూట, బేరాలు తగ్గాక, మార్కెట్లో సుజాత పక్కన బండ మీద కూర్చుని చదివాను. ఆమె బొచ్చె చేప పొలుసు గీకుతూనే విన్నది. గోలీల దగ్గర ఒక్కసారి కత్తి ఆగింది. మళ్లీ కదిలింది. అంతా అయ్యాక అడిగింది.

“గా గోలీలు ఇప్పుడు ఏడున్నయి బావా?”

“డబ్బలనే.”

“ఆరేండ్ల సంది?”

తల ఊపాను.

“ఇది ఆయితారం నాడు ఇంట్ల సదువు. అత్తమ్మ ముంగట, లావణ్య ముంగట. ఇప్పుడు లే. గిరాకి వస్తున్నరు.”

అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేంత దగ్గరి మనిషిగా కూడా ఆమె నన్ను లెక్కచేయలేదు.

ఆదివారం చదివాను. రిపోర్టు, నోటుపుస్తకం, కళ్లద్దాల డబ్బా చాప మీద పెట్టాను. గోలీలు రంగు వెలిసి సున్నం ముక్కల్లా ఉన్నాయి. లావణ్య ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ముప్పై రెండు. తర్వాత నోటుపుస్తకంలో చేప రాసిన చోటు తీసి, రెండు పేజీలు వెనక్కి తిప్పి, విరేచనాలు మొదలైన తేదీ మీద వేలు పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది. అవ్వ నా ముఖం చూడకుండా లేచింది. “అన్నీ ఎరుకున్నోనివి గదరా” అంది. లోపలికి పోయింది. సుజాత పొయ్యి వెలిగించింది. నన్నెవరూ క్షమించలేదు. నేను అడగలేదు కూడా. అయినా, మీకు చెప్తే సిగ్గుచేటుగా ఉంటుంది, ఆ రోజు ఆరేళ్లలో మొదటిసారి నా ఊపిరి కిందిదాకా వెళ్లి వచ్చింది.

సాయపడిన వాళ్ల పేర్లు చెప్పి ముగిస్తాను. గ్రంథాలయంలో అడిగిన పుస్తకమల్లా తీసిచ్చిన అటెండర్ యాదయ్యకు కృతజ్ఞతలు. తప్పు నీ పుస్తకాలది కాదు యాదయ్యా. మూడు నెలలు నా ట్రిప్పులు కూడా తనే నడిపిన తోటి డ్రైవర్ జంగయ్యకు. నా తమ్ముడిని అసహ్యం లేకుండా కడిగి తుడిచిన నర్స్ జ్యోతికి. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడిగి, నన్ను నమ్మిన డాక్టర్ మాధవికి. రిపోర్టు కింద సంతకం పెట్టిన పేరు తెలియని డాక్టరుకు. తెలియని సగాన్ని తెలియదని రాసే ధైర్యం ఆ మనిషికి ఉంది, నాకు లేకపోయింది. పళ్లెం వెనక్కి నెట్టిన లావణ్యకు.

ఇక సుజాతకు. నీకు కృతజ్ఞతలు చెప్పే నోరు నాది కాదు. ఆరేళ్ల కింద వాకిట్లో నువ్వు అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ, నలుగురూ చదివే చోట, రాస్తున్నాను. అవ్, మోషన్లు అంతకు ముందే షురువైనయి. నువ్వు వండిన చేపలో ఏ దోషమూ లేదు.